వెండి ఏ వైపు

ప్రశాంత్ ఆ ఫిల్మ్ రోల్‌ను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తెచ్చి బల్ల మీద దించాడు. చపాతీలు చేసే ఆడవాళ్లంతా చేతులకంటిన పిండి దులుపుకుంటూ చుట్టూ మూగారు. చూడబోతే అది ఎప్పుడూ వాడే ప్లాస్టిక్ రోల్‌లాగే ఉంది. దీంట్లో వెండి ఉందని ఆ అబ్బాయి చెబుతున్నాడు. సౌందర్య ముందుకు వంగి గోటితో గీకి చూసింది. ఏమీ రాలేదు.

సూర్యాపేటలో హైవే పక్కనున్న రేకుల షెడ్డులో మహిపాల్ చపాతీల యూనిట్ నడుపుతున్నాడు. సగం కాల్చి, పదేసి చొప్పున ప్యాక్ చేసిన చపాతీలు అక్కడి నుంచి రోడ్డు మీది హోటళ్లకూ, కోదాడ, మిర్యాలగూడ దుకాణాలకూ వెళతాయి. కొన్నవాళ్లు ఇంట్లో పెనం మీద తిప్పుకుని తింటారు. చిక్కల్లా ఒకటే. మూడో రోజు దాటితే వాటికి బూజు పడుతుంది. అమ్ముడు కానివి దుకాణాల వాళ్లు తిరిగి పంపిస్తారు. అందుకే ఒక హైదరాబాద్ కంపెనీ కొత్తగా తెచ్చిన ఈ ఫిల్మ్‌ను వాడి చూడటానికి మహిపాల్ ఒప్పుకున్నాడు. ప్రశాంత్‌ది మిర్యాలగూడ. కంపెనీలో చేరి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. మహిపాల్ అతని మొదటి గిరాకీ.

వెండిని కంటికి ఆననంత సన్నని రేణువులుగా చేసి, ఫిల్మ్ లోపలి పొరలో కలిపారని ప్రశాంత్ వివరించాడు. చపాతీకి ఆ పొర ఆనుకుని ఉంటే బూజు త్వరగా పెరగదట. మూడు రోజులుండేది ఆరేడు రోజులుంటుందట. ఇలాంటి రోల్స్ అన్నీ కరిగిస్తే కాలికి మట్టెలొస్తాయా అని సౌందర్య అడిగింది. ముక్కుపుడకకు కూడా రాదని అతను చెబితే అందరూ నవ్వారు. మహిపాల్ కూడా నవ్వాడు. ఆ ఉదయం అతను మంచి హుషారు మీదున్నాడు.

శాంతాబాయి మాత్రం రోల్ అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ప్యాకింగ్ మిషన్ ఆమెది. అంటే ఆమె సొంతం కాదు గాని, ఆ షెడ్డులో ఎవరిని అడిగినా అలాగే అంటారు. ఊరి అవతలి తండా నుంచి రోజూ పొద్దున్నే ఆటోలో వచ్చి, చెప్పులు విప్పగానే ముందు మిషన్ పళ్ల మధ్య ఇరుక్కున్న ప్లాస్టిక్ పీలికలు ఏరేస్తుంది. తర్వాతే ఎవరినైనా పలకరిస్తుంది.

“వెండి ఏ వైపున్నది తమ్మీ?” అని అడిగింది.

ప్రశాంత్ అట్టగొట్టం మీదున్న బాణం గుర్తు చూపించాడు. బాణం మిషన్ వైపుంటే వెండి పొర లోపలికి వస్తుందన్నాడు. ఆమె తల ఊపి, గొట్టంలోకి ఇనుప కడ్డీ దూర్చి, రెండు వైపులా మరలు బిగించి, ఫిల్మ్‌ను రోలర్ల కింద నుంచి పైకి, మళ్లీ కిందికి లాక్కొచ్చి మడతపెట్టే గొంతులో దూర్చింది. నాలుగైదు ఖాళీ ప్యాకెట్లు వదిలి, ఒక్కోదాన్నీ అరచేతుల మధ్య నొక్కి గాలి పోతుందేమో చూసింది. పోలేదు.

పెనం నుంచి దిగిన చపాతీలను ఇనుప జాలీ ర్యాకుల మీద ఫ్యాన్ల కింద పరిచి, చల్లారాకే ప్యాక్ చేయడం అక్కడి అలవాటు. ఆ రోజు సగం పని అలాగే నడిచింది. ఇంతలో కోదాడ వ్యాన్ ముందే వచ్చేసింది. డ్రైవర్ యాదగిరికి మిర్యాలగూడలో ఇంకో కిరాయి తగిలిందట. ఆగకుండా హారన్ కొడుతున్నాడు. ర్యాకుల నిండా ఇంకా ఆవిర్లు కక్కే చపాతీలున్నాయి. మహిపాల్ గుమ్మంలోకి వెళ్లి వచ్చి, అన్నీ ప్యాక్ చేసేయమన్నాడు.

“జర సల్లారనీ సారూ,” అంది శాంతాబాయి.

“ఇప్పుడు వెండి ఉన్నది గద శాంతక్కా. అదే సూసుకుంటది. కట్టున్రి,” అన్నాడు మహిపాల్.

ప్రశాంత్ అప్పటికే హోటల్ వాళ్లను కలవడానికి బయల్దేరిపోయాడు. ఆమె మిషన్ నొక్కింది. ప్యాకెట్లు అరచేతికి వెచ్చగా తగులుతూ ఒకదాని వెనుక ఒకటి డబ్బాల్లో పడ్డాయి.

*

కోదాడ నుంచి ఫోన్ వచ్చేసరికి శాంతాబాయి రోల్ మారుస్తోంది. మహిపాల్ ఫోన్‌లో ఫొటోలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. చపాతీల మీద ఆకుపచ్చా నలుపూ కలిసిన మచ్చలు. నాలుగో రోజే. తర్వాత అతను ప్రశాంత్‌కు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. అవతలి మాటలు ఎవరికీ వినపడలేదు గాని, మహిపాల్ చూపు మెల్లగా మిషన్ వైపు తిరగడం అందరూ చూశారు.

“ఉల్టా ఎక్కించినవట శాంతక్కా. వెండి బయటికొచ్చి, ఉత్త ప్లాస్టిక్ లోపటికి పోయిందట. గంత మంచిగ సూపిచ్చిపోతే గూడ గిట్ల చేస్తే ఎట్ల?”

అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదేమో. పెనాల దగ్గరున్న వాళ్లు సైతం పని ఆపి వినేలా నిదానంగా, స్పష్టంగా అన్నాడు. కొన్నాళ్లు ఇంటి దగ్గరుండమనీ, మిషన్ సంగతి తను చూసుకుంటాననీ చెప్పాడు. శాంతాబాయి చేతిలోని కడ్డీని బల్ల మీద పెట్టింది. అది దొర్లిపోతుంటే మళ్లీ పట్టుకుని, గోడకు ఆనించి నిలబెట్టింది. తను సరిగ్గానే ఎక్కించానని చెప్పాలనుకుంది. కానీ ఆ క్షణంలో ఆమెకే నమ్మకం లేదు.

సాయంత్రం తండాలో వాకిట్లో కూర్చుని, ఒక వైపే పూలున్న పాత తుండుగుడ్డను రొట్టెల కర్రకు చుట్టింది. పూలు వెండి అనుకుంది. కర్రను మోకాళ్ల మధ్య పట్టుకుని, గుడ్డ కొసను మోచేతి కింద నుంచి తీసి, భుజం మీదుగా తిప్పి, గుప్పిట్లోకి లాగింది. పూలు లోపలికే వచ్చాయి. ఇంకోసారి చేసింది. ఈసారి బయటికి వచ్చాయి. మూడోసారి గుడ్డ జారి కోడిపిల్ల మీద పడింది. పక్కింటి ముసలమ్మ వాళ్ల భాషలో, పిచ్చిగాని పట్టిందా నీకు అని అడిగింది. కాదు, మిషన్ పట్టింది అని శాంతాబాయి అదే భాషలో జవాబిచ్చింది. పొద్దున్నుంచీ మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది.

ఆమె మొగుడు బాల్యా మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లోడింగుకు వెళతాడు. వారమంతా అక్కడే ఉంటాడు. ఫోన్‌లో సంగతంతా విని, వెండి బయట ఉంటే అందరికీ కనిపిస్తుంది కదా, ఇంకా మంచిదే కదా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, మనసు కష్టపెట్టుకోవద్దనీ, ఇక్కడ మెస్సులో రొట్టెలు చేసే మనిషి కావాలంటున్నారనీ చెప్పాడు. ఆమె వద్దంది. తెల్లారి కోదాడ పోతానంది. ఎందుకని అడిగాడు. ఎందుకో ఆమెకూ సరిగ్గా తెలియదు. తన చేతుల మీదుగా పోయిన ప్యాకెట్లను తన కళ్లతో చూడాలని మాత్రం అనిపించింది.

*

బస్సులో ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. కిటికీ పక్కన సీటు దొరికింది. వరి కోసిన పొలాలు, లారీలు, దాబాలు వెనక్కి పోతుంటే, వెళ్లి ఏమని చెప్పాలా అని దారంతా మాటలు పేర్చుకుంది. కోదాడలో దిగాక అవన్నీ మరిచిపోయింది.

దుకాణం వీరమ్మది. నెరిసిన ముడి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. పప్పు తూస్తున్న మనిషి తల ఎత్తకుండానే ఏం కావాలని అడిగింది. సూర్యాపేట చపాతీలు ప్యాక్ చేసింది తనేనని శాంతాబాయి చెప్పగానే తక్కెడ వదిలేసింది.

“నువ్వా కట్టింది? ఓనర్లు కూడా ఇట్టా రారమ్మా. ఫోను పెట్టేస్తారు. నువ్వెందుకొచ్చావ్?”

“నేను ఉల్టా ఏసిన్నో, సక్కగ ఏసిన్నో నాకే సమజైతలేదమ్మా. సూసి పోదామని వచ్చిన.”

వీరమ్మ ఆమెను ఎగాదిగా చూసి, ముందు కూర్చోమని స్టూలు జరిపింది. మంచినీళ్లిచ్చింది. ఆ తర్వాతే వెనుక గదిలోంచి ఆ చపాతీ ప్యాకెట్ల డబ్బా తెప్పించింది.

శాంతాబాయి ఇంకా డబ్బా మూత తీయలేదు. బయట బైక్ ఆగింది. ప్రశాంత్ హెల్మెట్ తీసి లోపలికి రాబోతూ, ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. అతనికీ నిద్ర పట్టినట్టు లేదు. మొదటి గిరాకీయే పోతే కంపెనీలో తన గతేమిటన్న భయంతో పొద్దున్నే మిర్యాలగూడ నుంచి బయల్దేరాడట. కాసేపు హెల్మెట్ పట్టీతో ఆడుకుంటూ నిలబడి, చివరికి ఆమె ఎదురుగా కింద చతికిలబడ్డాడు.

“ఫోన్‌ల సారు గట్టిగ అడిగేసరికి నోటికొచ్చింది చెప్పిన అక్కా. ఉల్టా పడి ఉంటదేమో అన్న. ఉల్టా పడ్డదని నాకు తెల్వదు. నీ పేరు పోతదని సోయి లేకపాయె.”

అతని చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాయి. ఒక పక్క కిందికి వేలాడుతోంది. ఆ అవతారం చూసి ఆమెకు కోపం తెచ్చుకోవడం కష్టమైంది.

“అయితే ఇప్పుడు తెల్సుకుందాం దా,” అంది.

తెలుసుకోవడానికి ఒక సులువుందని ప్రశాంత్ చెప్పాడు. పేర్లూ తేదీలూ అచ్చు వేయడానికి వీలుగా ఈ ఫిల్మ్ బయటి వైపు మాత్రమే సిరా పట్టేలా చేస్తారు. వెండి ఉన్న లోపలి వైపు సిరా నిలవదు. వీరమ్మ ధరలు రాసే మార్కర్ ఇచ్చింది. ప్రశాంత్ ఒక ప్యాకెట్ మీద గీత గీశాడు. ఆరనిచ్చి వేలితో రుద్దాడు. పోలేదు. ప్యాకెట్ కత్తిరించి, తిరగేసి, లోపలి వైపు ఇంకో గీత గీశాడు. శాంతాబాయి తనే కొంగు కొసతో తుడిచింది. గీత మొత్తం కొంగుకు వచ్చేసింది.

ఆమె ఆ నల్లటి మరకను అలాగే చూస్తూ ఉండిపోయింది. తుండుగుడ్డతో సాయంత్రమంతా కుస్తీ పట్టినా తేలనిది ఒక్క తుడుపుతో తేలిపోయింది.

“సక్కగనే ఉన్నది,” అన్నాడు ప్రశాంత్. కానీ అతని ముఖంలో సంతోషం అంతలోనే తగ్గిపోయింది. సరిగ్గా ఎక్కించాక కూడా బూజు పట్టిందంటే, తప్పు ఫిల్మ్‌దే అయ్యుండాలి.

ముగ్గురూ కలిసి డబ్బాలోని ప్యాకెట్లన్నీ కింద పరిచారు. తీరా చూస్తే అన్నింటికీ బూజు లేదు. దాదాపు సగం బాగానే ఉన్నాయి. వీరమ్మ ఒకటి విప్పి వాసన చూసి, చపాతీ తుంచి నోట్లో వేసుకుంది. మిగతా ఇద్దరూ ఆమె దవడ కదలడం చూస్తూ కూర్చున్నారు. బాగుందని ఆమె తల ఊపింది. ఎప్పుడూ వచ్చే సరుకైతే ఈపాటికి పారేయాల్సి వచ్చేదని ఆమే అంది. చెడ్డ ప్యాకెట్లను ఒక పక్కకీ, మంచివాటిని ఇంకో పక్కకీ జరుపుతుంటే తేడా చేతికి తెలిసిపోయింది. చెడ్డవాటి లోపల ఇంకా నీటి చుక్కలున్నాయి. ప్యాకెట్ వంచితే చుక్కలు ఒక మూలకు జారుతున్నాయి. మంచివి పొడిగా ఉన్నాయి.

శాంతాబాయికి అరచేతిలో ఆ రోజు తగిలిన వెచ్చదనం గుర్తొచ్చింది. వ్యాన్ వచ్చాక సారు తొందర పెడితే చల్లారకుండానే ప్యాక్ చేశామని చెప్పింది. ప్రశాంత్ నుదురు కొట్టుకున్నాడు. చల్లార్చాకే కట్టాలని చెప్పడం అతనూ మరిచిపోయాడు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాడట.

“వెండి బూజును ఆపుతది గని, గన్ని నీళ్లుంటే అది మాత్రం ఏం చేస్తది,” అన్నాడు.

వీరమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. ఈ వెండి మెల్లగా తిండిలోకి దిగి మనుషుల కడుపులోకి పోదా అని కళ్లద్దాలు పైకి నెట్టుకుంటూ అడిగింది. అసలు పోదని తను చెప్పలేనని ప్రశాంత్ అన్నాడు. చాలా కొద్దిగా దిగుతుందనీ, తమ కంపెనీ కొలిచి చూస్తే పెట్టుకున్న హద్దుకు లోపలే ఉందనీ చెప్పాడు. అయితే వేడి మీదా తడి మీదా ఎక్కువ దిగుతుందనీ, చల్లార్చడం అందుకు కూడా అవసరమేననీ కలిపాడు. అమ్మడానికి వచ్చినవాడు దిగదని దబాయించకుండా కొంచెం దిగుతుందని ఒప్పుకోవడం వీరమ్మకు నచ్చినట్టుంది. చెడ్డవాటితో పాటు చూపించడానికి ఒక మంచి ప్యాకెట్ కూడా డబ్బాలో పెట్టించి, మిగతా మంచివి ఉంచుకుంటానంది. వెళ్లేముందు శాంతాబాయి ఫోన్ నంబరు అడిగి తీసుకుంది.

*

తిరుగు ప్రయాణంలో శాంతాబాయి బైక్ వెనుక కూర్చుని డబ్బాను ఒడిలో పట్టుకుంది. మునగాల దగ్గర టీ తాగడానికి ఆగారు. గ్లాసు చేతిలో తిప్పుతూ ప్రశాంత్ తన మనసులోని మాట చెప్పాడు. వేడి మీద ప్యాక్ చేయించింది మహిపాల్ అని ముఖాన చెబితే అతను ఫిల్మ్ వద్దనేస్తాడేమోనని తనకు భయంగా ఉందన్నాడు. గాల్లో తేమ వల్ల అని తను ఏదో ఒకటి సర్ది చెబుతాననీ, ఎలాగూ ఆమె తప్పు లేదని తేలిపోయింది కదా అనీ అన్నాడు.

శాంతాబాయి టీ ఊదుకుంటూ ఆలోచించింది. ఆ పిల్లవాడి భయం ఆమెకు తెలియనిది కాదు. మహిపాల్ చెడ్డవాడనీ ఆమె అనుకోలేదు. పనిలో తొందర అందరికీ ఉంటుంది. కానీ పెనాల దగ్గరి ఆడవాళ్లు చేతులాపి తన వైపు చూసిన చూపు ఆమె మనసులోంచి పోవడం లేదు.

“నువ్వేం చెప్తవో చెప్పు తమ్మీ. నా మీద అందరి ముంగట పడ్డ మాట అందరి ముంగటనే పోవాలె,” అంది.

షెడ్డుకు చేరేసరికి మహిపాల్ మిషన్‌తో తంటాలు పడుతున్నాడు. రోల్ వంకరగా ఎక్కింది. మడతపెట్టే గొంతులో ఫిల్మ్ ముద్దగా ఇరుక్కుంది. సీల్ పడని ప్యాకెట్లు కింద కుప్పగా పడి ఉన్నాయి. అతని మీసాల మీద కూడా పిండి ఉంది. సౌందర్య నవ్వు ఆపుకోవడానికి పిండి బేసిన్‌లోకి తల వంచుకుంది. చేతులు ఆగలేక శాంతాబాయి రెండడుగులు ముందుకు వేసింది. మళ్లీ చేతులు వెనక్కి లాక్కుంది.

ప్రశాంత్ తేమ గురించి మొదలుపెట్టాడు. వాతావరణం అన్నాడు, ఒక్కోసారి అలా జరుగుతుందన్నాడు. శాంతాబాయి డబ్బాలోంచి రెండు ప్యాకెట్లు తీసి బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. ఒకటి బూజు పట్టింది, ఒకటి బాగున్నది.

“రెండూ ఒకటే రోల్ సారూ. ఒకటే దినం. నేనే ఎక్కించిన,” అంది. మార్కర్ సంగతి ప్రశాంత్ చెప్పాడు. వెండి లోపలే ఉందని చూపించాడు.

మహిపాల్ బూజు పట్టిన ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ వంచాడు. నీటి చుక్క ఒక మూల నుంచి ఇంకో మూలకు జారింది. రెండోది నొక్కి చూశాడు. అతని కళ్లు జాలీ ర్యాకుల మీదికీ, వాటి మీద తిరుగుతున్న ఫ్యాన్ల మీదికీ పోయి, గుమ్మం దగ్గర కాసేపు నిలిచాయి.

“ఇవి వ్యాన్ వచ్చినంక కట్టినయి,” అన్నాడు మెల్లగా. “నేనే తొందర పెట్టిన.”

పొగ బయటికి లాగే ఫ్యాన్ రొదలో ఆ మాట బల్ల దాటలేదు. ఏమన్నడు, ఏమన్నడు అని పెనాల దగ్గర ఒకరినొకరు అడుక్కున్నారు. మహిపాల్ శాంతాబాయి వైపు చూశాడు. ఆమె అడుగు కదల్లేదు. అతను వెళ్లి గోడ మీది స్విచ్ నొక్కాడు. ఫ్యాన్ మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

“వేడి మీద కట్టుమన్నది నేను,” అన్నాడు గొంతు పెంచి. “శాంతక్క వద్దన్నది. రోల్ సక్కగనే ఎక్కించింది. నేనే ఒకటనుకొని ఒకటన్న. ఇన్నరా అందరు?”

విన్నామని సౌందర్య బేసిన్ దగ్గర నుంచి చెప్పింది. ఇంకెవరో నవ్వారు. మహిపాల్ కూడా ఇబ్బందిగా నవ్వి, మీసాల మీది పిండి తుడుచుకోబోయి ఇంకా పూసుకున్నాడు. శాంతాబాయి కొళాయి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా చేతులు కడుక్కుని, కొంగు నడుముకు దోపి, మిషన్ గొంతులో ఇరుక్కున్న ఫిల్మ్ ముద్దను మెలితిప్పి ఒక్క గుంజు గుంజింది. అది జీరాడుతూ బయటికొచ్చింది.

*

ఆ తర్వాతి సోమవారం పొద్దున్నే వీరమ్మ ఫోన్ చేసింది. మహిపాల్‌కు కాదు, శాంతాబాయికి. కోదాడలో ఎవరింట్లోనో పెద్ద శుభకార్యం ఉందట. ఎప్పుడూ పంపే దానికి రెట్టింపు కావాలట, అదీ వెంటనే.

శాంతాబాయి ఫోన్ చెవికి ఆనించుకునే ర్యాకుల వైపు చూసింది. పైవరుసల్లోని చపాతీలు చల్లారాయి. కింది వరుసలవి ఇప్పుడే పెనం దిగాయి. బయట యాదగిరి వ్యాన్ తలుపులు తెరుచుకుని కూర్చున్నాడు. మహిపాల్ ఆమె దగ్గరికి వచ్చి ఎవరని కళ్లతోనే అడిగాడు.

“కోదాడమ్మ. డబుల్ కావాలంట. ఇప్పుడే పంపుమంటుంది.”

అతను ఫోన్ కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వబోయింది. అంతలో ఏమనుకున్నాడో, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నువ్వే చెప్పు. ఎప్పటికైతది?”

శాంతాబాయి వంగి, కింది వరుసలోని చపాతీ మీద అరచేతి వెనుక భాగం ఆనించింది. తీసి, ఇంకోదాని మీద పెట్టింది.

“ఇప్పుడే కాదమ్మా. పొద్దు జర ఎక్కినంక బయలెల్లుతయి,” అంది ఫోన్‌లో. “ఆగుతరా?”

అవతల వీరమ్మ వెనుక ఎవరో బేరమాడుతున్న చప్పుడు వినబడింది.

“ఆగుతాలే,” అందామె. “నువ్వు చెప్పావుగా.”

మహిపాల్ ఆ మాట వినడం కోసం అక్కడే నిలబడి ఉన్నాడు. తర్వాత యాదగిరికి ఆగమని చెప్పడానికి తనే బయటికి వెళ్లాడు.